ఆ తల్లికి ఎవరు చెప్పాలి?



ఒక బిడ్డ పుట్టింది. బిడ్డ ఒంట్లో పుట్టుకతోనే పెద్ద లోపం ఉందని వైద్యునికి తెలిసింది. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలి. ఎవరికి ముందు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి? ఏ మాటలతో చెప్పాలి? ఇది వైద్యుల పని, గుడిలో పూజ చెప్పుకునే గురువుకెందుకు అని మీరు అడగవచ్చు. 2014వ సంవత్సరం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఏడు వానాకాలంలో ఒక రాత్రి తొమ్మిదింటికి మా విచారణకు చెందిన ఒక యువకుడు గురుగృహం తలుపు తట్టాడు. మూడు రోజుల కిందట జిల్లా కేంద్రంలోని ఒక ఆసుపత్రిలో అతని భార్యకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. తొలిచూలు. ఆడపిల్ల. "ఫాదరుగారూ, పాపకు వెంటనే జ్ఞానస్నానం ఇవ్వాలి, రండి" అన్నాడు. అతని స్కూటర్ వెనక కూర్చుని వెళ్తుంటే దారిలో సంగతి చెప్పాడు. పాప గుండెలో ఎడమ భాగం సరిగా ఎదగలేదట. అలాంటి బిడ్డలు పుట్టగానే బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తెరిచి ఉండే ఒక చిన్న రక్తనాళం వాళ్ళను కొద్ది రోజులు నిలబెడుతుంది. అది మూసుకుపోవడం మొదలైతే ఒళ్ళు నీలం తిరుగుతుంది. దానికి మూడు దశల్లో చేసే శస్త్రచికిత్స ఒకటి ఉంది గాని, పెద్ద నగరాల్లో కొద్ది చోట్ల మాత్రమే ప్రయత్నిస్తారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ఆ రాత్రి అతనికి తెలిసింది ఒక్కటే: వారం, మహా అయితే పది రోజులు.

"డాక్టరుగారు నీతో ఎంతసేపు మాట్లాడారు?" అని అడిగాను. "పసిపిల్లల వార్డు గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ చెప్పారండి" అన్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర బండి ఆపి ఇంకో మాట అన్నాడు. "ఆమెకు మాత్రం చెప్పకండి ఫాదరుగారూ. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. మా అత్తగారు కూడా వద్దన్నారు."

పాప కింది అంతస్తులో, తల్లి పై అంతస్తులో ఉన్నారు. కింద నర్సమ్మ ఒక స్టీలు గిన్నెలో నీళ్ళు తెచ్చి పెట్టింది. జ్ఞానస్నానం ఇచ్చాను. పైకి వెళ్ళాను. ఆ అమ్మాయి లేవబోయి, లేవలేక, పడుకునే నమస్కారం చేసింది. "ఇంత తొందరగా ఎందుకండీ ఫాదరుగారూ? నాకు నిలబడే ఓపిక వచ్చాక గుడిలోనే ఇప్పిద్దామనుకున్నాం కదా?" అంది. నేను, "మంచి పని వాయిదా వేయకూడదు కదమ్మా" అన్నాను. ఆమె నా ముఖం కాసేపు చూసి గోడ వైపు తిరిగింది. నేను ఆశీర్వాదం ఇచ్చి వచ్చేశాను. తొమ్మిదో రోజున పాప పోయింది.

మంచి పని వాయిదా వేయకూడదు. ఆ వాక్యంలో తప్పు లేదు. ఎవరు అడిగినా నిజమేనంటారు. నేను అబద్ధమాడలేదని ఆ వాక్యం పట్టుకుని కొన్నాళ్ళు నన్ను నేను సమాధానపరచుకున్నాను కూడా.

నలభై రోజులు గడిచాక ఆ అమ్మాయి తన తల్లితో కలిసి పూజకు వచ్చింది. పూజ అయ్యాక తల్లిని బయట కూర్చోబెట్టి తానొక్కతే లోపలికి వచ్చింది. ఏడవలేదు. "అందరికీ తెలుసట ఫాదరుగారూ. మా ఊళ్ళో పాలు పోసే ఆవిడకు కూడా తెలుసట. కన్నదాన్ని, నాకొక్కదానికే తెలియదు. తెలిసుంటే కుట్లు తెగినా మెట్లు దిగి వెళ్ళేదాన్ని. తొమ్మిది రోజులు నా బిడ్డ పక్కన నేను లేను" అంది. తర్వాత ఇంకో మాట అంది. "పక్క మంచం వాళ్ళు మిఠాయి పంచారు. మావాళ్ళు పంచలేదు. ఏదో ఉందని నాకు మొదటి రోజే తెలుసు. అదేమిటని అడగడానికే ఎవరూ లేకపోయారు."

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అబద్ధం గురించి మేము గంటల తరబడి వాదించుకునేవాళ్ళం. జర్మన్ తత్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1797లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. చంపడానికి వచ్చినవాడు తలుపు తట్టి, నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా సరే అబద్ధం చెప్పరాదని ఆయన వాదన. మాలో సగం మంది అటు, సగం మంది ఇటు చేరి భోజనాల గంట కొట్టేదాకా కొట్టుకునేవాళ్ళం. గురువునై ఇన్నేళ్ళయినా ఏ హంతకుడూ నా తలుపు తట్టలేదు. తట్టింది ఆ పాప తండ్రి. ఆ రాత్రి కాంట్ నాకేమీ పనికిరాలేదు.

పునీత అగస్టీను అబద్ధం మీద రెండు పుస్తకాలు రాశాడు. పాపం కాని అబద్ధం లేదని ఆయన తీర్పు. పునీత తోమాసు అక్వినాసు దానినే ఒప్పుకుంటూ, సత్యాన్ని వివేకంతో మరుగుపరచడం మాత్రం అబద్ధం కాదని చెప్పి ఒక చిన్న కిటికీ తెరిచాడు. నా వాక్యం ఆ కిటికీలో నుంచి దూరి బయటపడిందని నేను అనుకున్నాను. కాని అదే తోమాసు మరో మాట చెప్పాడు. చదువుకునే రోజుల్లో అది నాకంతగా ఎక్కలేదు. సత్యం పలకడం అనే సుగుణాన్ని ఆయన న్యాయం అనే సుగుణానికి అనుబంధంగా చేర్చాడు. ఎందుకు? అది ఇతరులకు మనం చెల్లించవలసినది గనుక. అంటే సత్యం కేవలం నా నోటి శుభ్రతకు సంబంధించిన విషయం కాదు. అది బాకీ. బాకీ అన్నాక ముందు అడగవలసిన ప్రశ్న, ఎవరికి బాకీ?

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, అందరికీ అన్నీ తెలుసుకునే హక్కు లేదనీ, హక్కు లేనివారి ముందు మౌనంగా ఉండవచ్చుననీ బోధిస్తుంది. మంచి బోధ. మేము ఆ ఆసుపత్రిలో దానిని తలకిందులు చేశాం. పాలు పోసే ఆవిడకు ఏ హక్కూ లేదు, ఆమెకు తెలిసింది. కన్నతల్లికి అందరికంటే ముందు హక్కు ఉంది, ఆమెకు దాచాం.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. దానిని తేలిగ్గా తీసెయ్యను. ఆపరేషన్ అయిన మనిషి, రక్తం పోయిన మనిషి, తట్టుకోగలదా? మత్తు దిగేదాకా కొన్ని గంటలు ఆగడం వివేకమే. రక్తపోటు బాగా పెరిగి ఉంటే ఒక రోజు ఆగవచ్చునేమో, అది వైద్యుడు నిర్ణయించాలి. నేను అడిగేది ఒక్కటే. ఆ ఆలస్యం ఎవరి కోసం? ఆమె కోసమా, ఆమె ముఖం చూడలేని మన కోసమా? నా సంగతి నేను చెప్పగలను. ఆమె కుట్ల గురించి నేను ఆ రాత్రి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె ఏడిస్తే నేనేం చెయ్యాలా అని ఆలోచించాను.

డాక్టర్లను తిట్టడానికి నేను కలం పట్టలేదు. పిల్లల వైద్యుడైన ఒక మిత్రుడు నాతో అన్నాడు: "గుండెలో రంధ్రం ఉంటే స్టెతస్కోపులో ఎలా వినిపిస్తుందో నాకు నెలల తరబడి నేర్పారు ఫాదర్. అది తల్లికి ఎలా చెప్పాలో ఒక్క గంట నేర్పలేదు." ఒకే పూటలో ముప్పై మంది పసికందులను చూసుకోవాలి. పైగా భయం. చెప్పగానే బంధువులు మీదపడి అద్దాలు పగలగొడతారేమోనని ఒక కన్ను తలుపు మీదే ఉంటుంది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ చెప్పిన ఆ డాక్టరు కూడా పారిపోతున్నాడేమో, నాలాగే. మన దేశపు వైద్య విద్యలో 2019లో చేరిన విద్యార్థుల నుంచి, రోగులతో ఎలా మాట్లాడాలన్నది పాఠ్యప్రణాళికలో భాగమైంది. ఆ చదువు పూర్తి చేసినవాళ్ళు ఇప్పుడు వార్డుల్లోకి వస్తున్నారు. సంతోషమే.

కబురు ఎలా చెప్పినా తల్లిదండ్రులు కోపగించుకుంటారు, చెప్పినవాడి మీద పడతారు, దానికి మందు లేదు అని కొందరు వైద్యులు అంటారు. ఇంగ్లండులో మాంచెస్టరుకు చెందిన క్లిఫ్ కన్నింగ్‌హామ్, ఆయన సహచరులు ఈ మాటనే పరీక్షకు పెట్టి 1984లో ఫలితం ప్రచురించారు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లల తల్లిదండ్రుల విషయంలో వాళ్ళు ఒక పద్ధతి పాటించారు. వీలైనంత త్వరగా, విడి గదిలో, తల్లిని తండ్రిని కలిపి కూర్చోబెట్టి, బిడ్డను అక్కడే ఉంచి, మధ్యలో ఎవరూ రాకుండా చెప్పాలి. తర్వాత మళ్ళీ వచ్చి ప్రశ్నలకు జవాబులివ్వాలి. అలా విన్నవాళ్ళకు దుఃఖం కలిగింది గాని, చెప్పిన తీరు మీద కోపం కలగలేదు. కోపం కబురు మీద కాదు, కబురు చేరిన దారి మీద అన్నమాట. ఆ దారికి కావలసిందల్లా తలుపు వేసుకోగల ఒక గది, మూడు కుర్చీలు, ఒక అరగంట. కొత్త యంత్రమేదీ అక్కర్లేదు.

అయితే మన ప్రాంతపు సంగతి మాంచెస్టరు పుస్తకంలో దొరకదు. మనకు తొలి కాన్పు పుట్టింట్లో. ఆసుపత్రిలో ఉండేది అమ్మాయి తల్లి. అబ్బాయి తరఫువాళ్ళు ఎక్కడో ఉంటారు. కబురు ఫోనులో ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్తుంది. వెళ్ళేటప్పుడు వార్తగా వెళ్ళి, చేరేసరికి నేరారోపణ అయిపోతుంది. మీ పిల్ల ఏం తిన్నది, ఎక్కడ తిరిగింది, మీ వంశంలో ఎవరికైనా ఉందా? అందుకే అమ్మాయి తల్లి దాచిపెడుతుంది. ఆమె అబద్ధాలకోరు కాదు, కూతురి కాపురం గురించి భయపడుతున్న మనిషి.

మన భాష కూడా ఆ తల్లి మీదే వేలు చూపిస్తుంది. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మనం ఏమంటాం? గ్రహణం మొర్రి అంటాం. ఆ మాటలోనే తీర్పు ఉంది. గ్రహణం వేళ తల్లి బయటికి వచ్చిందనీ, కూరగాయలు తరిగిందనీ, కదలకుండా పడుకోలేదనీ ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు, రోగం పేరే చెబుతుంది. డాక్టరు ఆ రెండు మాటలు పలికి వెళ్ళిపోతే, ఆయనకు తెలియకుండానే ఒక తల్లికి శిక్ష వేసి వెళ్ళినట్టు. అందుచేత మన దగ్గర వైద్యుడు ఇంకో వాక్యం కూడా పూర్తి చెయ్యాలి: "ఇది గ్రహణం వల్ల రాలేదు, అమ్మా. నువ్వు చేసిన పని వల్ల రాలేదు." పై పెదవి కడుపులో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్య అతుక్కుంటుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్ళకు తాము నెల తప్పామన్న సంగతే రూఢిగా తెలియదు. నిండు నెలల్లో పట్టిన గ్రహణం, ఏనాడో అయిపోయిన ఆ పనిని ఎలా చెడగొడుతుంది? ఈ లెక్క అత్తగారి ఎదుట, మామగారి ఎదుట, వీలైతే ఆ ఫోను అందుకుని అవతలివాళ్ళకు కూడా చెప్పాలి. మూడు నుంచి ఆరు నెలల వయసులో పెదవికి ఆపరేషన్ చేస్తారనీ, ఉచితంగా చేసే ఆసుపత్రులు ఉన్నాయనీ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇటువంటి పిల్లల కోసమేననీ అదే ఊపులో చెబితే, ఆ ఇంటివాళ్ళకు నిందించడం కాక చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది.

ఫ్రాన్సు దేశపు వైద్యుడు జెరోమ్ లెజెన్ 1959లో తన సహచరులతో కలిసి, డౌన్ సిండ్రోమ్‌కు కారణం అదనంగా ఉన్న ఒక క్రోమోజోము అని ప్రకటించాడు. అంతవరకు అక్కడ కూడా తల్లిదండ్రుల నడవడినే అనుమానించేవారు. ఒక సూక్ష్మదర్శిని ఎందరో తల్లుల మీద నుంచి నింద తీసివేసింది. లెజెన్ పేరు మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. శ్రీసభ 2021లో ఆయనను పూజ్యునిగా ప్రకటించింది. గర్భంలోని పిల్లల ప్రాణాల కోసం ఆయన చేసిన పోరాటాన్ని మనం తరచు తలచుకుంటాం. తల్లుల మీద నింద తీసిన ఈ పని కూడా దానికి తక్కువైనది కాదని నా అభిప్రాయం.

మేనరికం సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నేను దాచినట్టవుతుంది. లోపంతో బిడ్డ పుట్టగానే మన వైద్యులు అడిగే తొలి ప్రశ్న, "మేనరికమా?" వైద్యానికి అది అవసరమైన ప్రశ్నే. ఏ పెళ్ళిలోనైనా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పెద్ద లోపంతో పుట్టే అవకాశం ఉంది. అత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్ళాడితే అది సుమారు రెట్టింపు అవుతుంది. అంటే అప్పుడు కూడా నూటికి తొంభై మందికి పైగా బాగానే పుడతారు. కాని కబురు విన్న మొదటి నిమిషంలో ఆ ప్రశ్న పడితే అది ప్రశ్నగా వినబడదు. శ్రీసభ చట్టంలో ఈ వరుస వివాహానికి అడ్డంకి ఉంది. పీఠాధిపతులవారి మినహాయింపు కావాలి. మనవాళ్ళు డిస్పెన్సేషన్ అంటారే, అదే. ఆ దరఖాస్తులు నింపి పంపేది విచారణ గురువు. నేనెన్నో పంపాను. "రెండు కుటుంబాలూ మంచివి, ఆస్తి చెదరదు" అని కారణాలు రాశాను. ఆ అమ్మాయినీ అబ్బాయినీ ఎదురుగా కూర్చోబెట్టి పుట్టబోయే పిల్లల గురించి ఒక్క మాట మాట్లాడానా అంటే, చాలా ఏళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాను. డాక్టరు ఆ ప్రశ్న అడిగిన రోజున ఆ దంపతుల వైపు వేలు చూపించే అర్హత మాత్రం నాకు లేదు.

గురువులుగా మేము చేసే మరో పొరపాటు ఉంది. "దేవుని చిత్తం తల్లీ", "దేవుడు నిన్ను ప్రత్యేకంగా ఎన్నుకున్నాడు" అంటాం. మొదటి రోజున ఆ మాటలు వద్దు. ఆమె తానుగా ఆ మాట అనుకునే రోజు రావచ్చు, రాకపోవచ్చు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు, పాపం చేసినది వీడా, వీడి తల్లిదండ్రులా అని అడుగుతారు. ఎవరూ కాదని ప్రభువు జవాబు. ఈ భాగంపై నేను చాలాసార్లు ప్రసంగించాను. శిష్యులు ఆ ప్రశ్న ఎక్కడ నిలబడి అడిగారన్నది మాత్రం ఆ పాప పోయిన తర్వాతనే నాకు తట్టింది. వాడి ఎదురుగానే అడిగారు. వాడు గుడ్డివాడే గాని చెవిటివాడు కాదు. ప్రభువు ఎవరూ కాదని చెప్పి అక్కడితో ఊరుకోలేదు, వంగి ఉమ్మితో మట్టి తడిపి, ఆ మనిషిని తాకాడు.

ఇక సిమియోను. ప్రతి ఫిబ్రవరి 2న ఆయన గురించి చదువుతాం. లూకా సువార్త రెండో అధ్యాయం మరోసారి తీసి చూడండి. ఆ వృద్ధుడు ఒక తల్లికి, తన బిడ్డ గురించి ఏ తల్లీ వినకూడని కబురు చెప్పవలసి వచ్చింది. ఏ వరుసలో చేశాడో గమనించండి. ముందు బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. బిడ్డను చూసి దేవుణ్ణి స్తుతించాడు, ఆ బిడ్డ వెలుగు అన్నాడు. తల్లి, తండ్రి ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఇద్దరినీ దీవించాడు. ఆ తర్వాతనే కత్తి మాట చెప్పాడు. ఎవరికి చెప్పాడు? యోసేపును పక్కకు పిలిచి మెట్ల దగ్గర చెప్పలేదు. బాలింత, నలభై రోజులే అయ్యాయి, ఇప్పుడెందుకు అనుకోలేదు. మరియమాతకే, ముఖం చూసి చెప్పాడు. ఆ క్షణంలోనే అన్నా అనే వృద్ధురాలు వచ్చి చేరింది. కబురు చెప్పినవాడు వెళ్ళిపోయినా, తోడుగా ఒక ముసలమ్మ మిగిలింది.

నేనా రాత్రి ఏమి చేశాను? బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాను, అంతవరకు సిమియోనులాగే. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్ళి, ఒక మంచి వాక్యం చెప్పి వచ్చాను.

ఆ అమ్మాయి నలభై రోజుల తర్వాత వచ్చిందని చెప్పాను కదా. చెప్పవలసింది చెప్పాక ఆమె వెళ్ళలేదు. "పాప పేరు పుస్తకంలో ఉంటుందా ఫాదరుగారూ?" అని అడిగింది. జ్ఞానస్నానాల రిజిస్టరు తీసి ఆ పేజీ చూపించాను. తల్లి పేరు అని ఉన్న గడిలో తన పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత అడిగింది: "మీరు చూశారు కదా, పాప అప్పుడు మెలకువగా ఉందా? నీళ్ళు పోస్తే ఏడ్చిందా?"

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయని, నర్సమ్మ అరచేతిలో కాస్త వెచ్చబరచి ఇచ్చిందని చెప్పాను. పాప ఏడవలేదు, కళ్ళు తెరిచింది, ఒక చెయ్యి బయటికి వచ్చి నా వేలు పట్టుకుందని చెప్పాను. జుట్టు ఎంత ఉంది, గోళ్ళు ఎలా ఉన్నాయి, ఒళ్ళు అప్పటికి నీలంగా ఉందా, ఏ గుడ్డ చుట్టారు అని ఒక్కొక్కటే అడిగింది. తెలిసినవి చెప్పాను, గమనించనివి గమనించలేదని చెప్పాను. మధ్యలో ఆమె తల్లి తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అనకుండా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. మధ్యాహ్నం గంట కొట్టేదాకా ముగ్గురం అక్కడే ఉన్నాం.